సముద్రం మీద కనిపించిన పక్షికి పేరు పెట్టుట

కళాశాల వార్షిక సంచికకు విజ్ఞాన విషయమేదైనా వ్రాయవలసినదని సంపాదకవర్గంవారు కోరినప్పుడు మాకు ముందుగా స్ఫురించినది ఒక పొరపాటు. ఆ పొరపాటు మాదే. కడచిన ఆగస్టు మాసంలో మేము కొందరు విద్యార్థులతో కలసి తూపిలిపాళెం తీరం నుండి పడవపై సముద్రంలోకి వెళ్ళినాము. ఒక అరుదైన పక్షిని చూచినామని సంతోషంతో తిరిగివచ్చి, మరునాడే కళాశాల నోటీసు బోర్డుపై దాని పేరు వ్రాసి పెట్టినాము. మూడవనాడు ఆ కాగితాన్ని మా చేతులతోనే తొలగించవలసి వచ్చినది. ఎందుకు తొలగించినారని పలువురు విద్యార్థులు అడిగినారు. పాలకసంఘ సభ్యులొకరు కూడ నవ్వుతూ అదే ప్రశ్న వేసినారు. అప్పుడు నిలుచున్నచోట చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇప్పుడు తీరికగా వ్రాస్తున్నాము.

నాయుడుపేట వాసులకు పక్షులు క్రొత్త కావు. నేలపట్టు చెరువులోని చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుట, పులికాటు సరస్సులో ఫ్లెమింగోలు వరుసలు తీరి నిలుచుట మన పిల్లలు బడికి వెళ్ళే వయస్సు నుండి చూస్తున్నవే. ఈ పక్షులకొక సుగుణం కలదు. అవి నిలుస్తాయి. గట్టుపై కూర్చుండి గంటసేపు చూచినా ఎక్కడికీ పోవు. కాళ్ళు, ముక్కు, మెడ అన్నీ తాపీగా పరిశీలించి, పుస్తకం తెరచి, బొమ్మతో సరిపోల్చుకొనవచ్చును. నడిసముద్రపు పక్షులు అట్టివి కావు. అవి గూడు కట్టే నెలలలో తప్ప నేలను ముట్టవు. గూడు కట్టేది కూడ ఎక్కడో మనుష్యులు లేని దీవులలో. తక్కిన కాలమంతా నీటిమీదనే తిరుగుతూ ఉంటాయి. కనుక వాటిని చూడగోరువారు పడవ ఎక్కవలసినదే, లేదా తుఫాను వాటిని ఒడ్డుకు విసరివేసేవరకు వేచి ఉండవలసినదే. పెద్ద గాలివానల తరువాత ఇట్టి పక్షులు అలసి సొలసి ఊళ్ళలోను, చెరువులలోను పడి దొరకుట మన తూర్పుతీరంలో తెలిసిన సంగతే.

పడవ ఎక్కినంత మాత్రాన కష్టం తీరదు. పడవ ఊగుతూ ఉంటుంది, పక్షి ఎగురుతూ ఉంటుంది. దుర్భిణిని కంటికి ఆనించి పక్షిని పట్టుకొనేసరికి అల అడ్డు వస్తుంది. అల దిగేసరికి పక్షి ఉండదు. మొత్తం మీద ఒక పక్షి కంటికి ఆనేది పది సెకండ్లో, ఇరువది సెకండ్లో. ఆ వ్యవధిలో కూడ వెలుగు మనలను మోసగిస్తుంది. సూర్యునికి ఎదురుగా చూచినప్పుడు గోధుమవన్నె పక్షి నల్లగా కనిపిస్తుంది. నీటి మెరపు క్రిందినుండి కొట్టినప్పుడు బూడిదవన్నె పొట్ట తెల్లగా కనిపిస్తుంది. పరిమాణాన్ని అసలే నమ్మరాదు. నేలమీద అయితే ప్రక్కన చెట్టో, గొఱ్ఱెయో ఉండి పోల్చుకొనుటకు వీలిస్తుంది. సముద్రం మీద పోలికకు ఏమున్నది? ఒంటరి పక్షి ఎంత పెద్దదో చెప్పగలమని ఎవరైనా అంటే వారు ఎక్కువగా పడవ ఎక్కినవారు కారని మా అభిప్రాయం.

ఇక మా యాత్ర సంగతి. తెల్లవారుజామున వాకాడు మీదుగా తీరం చేరి, అనుమతి పత్రాలు చూపి, లైఫ్ జాకెట్లు తొడిగి బయలుదేరేసరికి ఆరు దాటినది. (శ్రీహరికోట నుండి రాకెట్టు ప్రయోగించే దినాలలో ఆ సమీప జలాలలోనికి పోరాదు. తేదీ చూచుకొనకుండ బయలుదేరుట వృథా ప్రయాస.) పడవ నడిపిన పెద్దాయనను విద్యార్థులు తాతా అని పిలుస్తూ వచ్చినారు. ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు గాని ఆయన మాట అవసరమగును. తీరానికి దగ్గరలో కనిపించినవి మాకు తెలిసిన టెర్న్ పక్షులే. టెర్న్ అనగా సముద్రపు కాకి జాతికి దగ్గరదై, సన్నని రెక్కలు, మొనదేలిన ముక్కు, చీలిన తోక గలిగి, నీటిపై ఎగురుతూ చేపను చూచి దూకే పక్షి. పసుపుపచ్చ ముక్కు గల పెద్ద జుట్టు టెర్న్, నారింజవన్నె ముక్కు గల చిన్న జుట్టు టెర్న్ కనిపించినవి. రెండింటినీ ముక్కు రంగును బట్టియే విడదీయవచ్చును. ఇంతవరకు చిక్కేమీ లేదు.

తీరం కనుమరుగైన తరువాత ఒక దుంగ తేలుతూ వచ్చినది. దానిపై ఒక పక్షి కూర్చుండి ఉన్నది. వీపు నల్లన, పొట్ట తెల్లన, నుదుట తెల్లని మచ్చ. పడవ దగ్గరకు పోగానే లేచి, ఒక సారి మా చుట్టూ తిరిగి, సూర్యుని వైపుగా వెళ్ళిపోయినది. మేము దుర్భిణి దించకముందే ఒక పేరు పలికినాము. విద్యార్థులందరు కేరింతలు కొట్టినారు. ఆ పేరు సూటీ టెర్న్. మసివన్నె టెర్న్ అని దానికి అర్థం చెప్పుకొనవచ్చును.

ఆ పేరు విని మేము అంతగా ఉప్పొంగుటకు కారణం కలదు. సూటీ టెర్న్ నిజముగా నడిసముద్రపు పక్షి. మన దేశంలో అది గుడ్లు పెట్టే చోటు లక్షద్వీపాలలోని పిట్టి అనే చిన్న దీవి. పిల్ల గూడు విడచి ఎగిరినదంటే మళ్ళీ గూడు కట్టుటకు తిరిగివచ్చేవరకు కొన్ని సంవత్సరాలు సముద్రం మీదనే గడుపుతుంది. అంతకాలం నీటిపై వాలి విశ్రమిస్తుందా అంటే అదీ లేదు. దాని ఈకలకు బాతు ఈకల వలె నీటిని తట్టుకొనే గుణం చాలదు, నీటిలో కూర్చుంటే తడిసి బరువెక్కుతుంది. కనుక రాత్రింబగళ్ళు గాలిలోనే ఉండి, నీటి ఉపరితలానికి వచ్చిన చేపలను ముక్కుతో అందుకొని బ్రతుకుతుందని శాస్త్రజ్ఞులు చెపుతారు. అట్టి పక్షి మన తూపిలిపాళెం ఎదుట కనిపించినదంటే సంతోషం కాదా?

కాని దానికొక దాయాది కలదు. పేరు బ్రైడిల్డ్ టెర్న్, అనగా కళ్ళెం వేసిన టెర్న్. కంటిమీదుగా పోయే నల్లచార గుఱ్ఱపు కళ్ళెం వలె కనిపించుటచే ఆ పేరు వచ్చినది. ఇది కూడ సముద్రపు పక్షియే అయినా అంత దుర్లభం కాదు. సింహళద్వీపపు పశ్చిమతీరం వెంట ఆగస్టు మొదలు వేల సంఖ్యలో దక్షిణానికి సాగిపోతూ కనిపిస్తుంది. మన ద్వీపకల్పపు తీరాలలో కూడ వర్షాకాలంలో పడవలపై పోయిన పరిశీలకులకు అప్పుడప్పుడు ఎదురవుతుంది. దూరాన చూచినప్పుడు ఈ రెండింటికి భేదం తోచదు. దగ్గరగా చూచినప్పుడు మూడు భేదాలు ముఖ్యమైనవి.

మొదటిది నుదుటి తెలుపు. సూటీ టెర్న్‌కు అది వెడల్పుగా ఉండి కంటివద్ద ఆగిపోతుంది. బ్రైడిల్డ్ టెర్న్‌కు అది సన్నగా ఉండి, కనుబొమ వలె కన్ను దాటి వెనుకకు సాగుతుంది. రెండవది వీపు. సూటీ వీపు నెత్తితో సమానంగా కాటుక నలుపు. బ్రైడిల్డ్ వీపు బూడిద కలసిన గోధుమవన్నె, కనుక నల్లని నెత్తికి దానికి నడుమ మెడవద్ద ఒక లేతపట్టీ ఏర్పడుతుంది. అయితే ఈ రెండవ భేదమే వెలుగుకు లొంగిపోయేది. ఎదురెండలో గోధుమ వీపు కూడ నల్లనిదే. మూడవది నడవడి. బ్రైడిల్డ్ టెర్న్‌కు తేలే వస్తువుపై కూర్చుండే అలవాటు మెండు. దుంగ గాని, కొబ్బరిమట్ట గాని, కడకు తాబేలు వీపు గాని దానికి పీఠమే.

లేతవయస్సు పక్షులైతే చిక్కు మరొక తీరుగా ఉంటుంది. సూటీ టెర్న్ పిల్ల వీపు, రొమ్ము కూడ మసిరంగుగా ఉండి, వీపుపై తెల్లని చుక్కలు చల్లినట్లుంటాయి. తల్లిదండ్రుల పోలిక ఏమాత్రం లేదు. దానిని చూచి నాడీ అనే వేరొక ముదురు గోధుమవన్నె టెర్న్ అనుకొనేవారు కలరు. నాడీకి నెత్తి లేతవన్నెగా ఉంటుంది, తోక చీలియుండదు. సూటీ పిల్లకు తోక చీలియుంటుంది, తోక క్రింద తెలుపు కనిపిస్తుంది. బ్రైడిల్డ్ పిల్లకు మాత్రం పొట్ట మొదటినుండి తెల్లనిదే.

ఇవన్నీ మాకు పడవ ఎక్కకముందే తెలుసు. తెలిసియు పొరపడినాము. అదెట్లనగా, మేము చూచిన దానిని వ్రాయలేదు. చూడగోరిన దానికి పేరు పెట్టినాము. పేరు నోటవెంట వచ్చిన తరువాత కంటికి వేరొకటి కనిపించదు. తిరుగుప్రయాణంలో పుస్తకం తెరచి సూటీ టెర్న్ బొమ్మను చూచి, "అవును, నుదుటి తెలుపు వెడల్పుగానే ఉన్నది" అని ఒకరితో ఒకరం చెప్పుకొన్నాము. అప్పటికి మా జ్ఞాపకంలో ఉన్నది పక్షి కాదు, బొమ్మ. సెల్‌ఫోనులతో తీసిన ఛాయాచిత్రాలు ఏడున్నవి. ఏడింటిలోను ఎదురెండకు పక్షి నల్లని నీడగానే పడినది.

మూడవనాడు నోటు పుస్తకాలన్నీ పోగుచేసి నివేదిక వ్రాయబూనినప్పుడు అసలు సంగతి బయటపడినది. బి.ఎస్సీ. మొదటి సంవత్సరపు విద్యార్థిని ఒకామె పక్షి దుంగమీద ఉన్నప్పుడే, మేము పేరు పలుకకముందే, తాను చూచినది చూచినట్లు వ్రాసుకొన్నది. ఆమె చదువు ఉర్దూ మాధ్యమం. వ్రాసినది ఉర్దూలో. మాలో ఆ లిపి చదువగలవారు లేనందున ఆ పుట తిప్పివేసినాము. ఆమెనే పిలిచి చదివించినాము. "ఆంఖ్ కే పీఛే తక్ సఫేద్ లకీర్" అని చదివినది. కంటి వెనుకవరకు తెల్లని గీత. క్రింద ఒక చిన్న బొమ్మ కూడ వేసినది. గీత కన్ను దాటి సాగినట్లే ఉన్నది. "పీఠ్ భూరీ" అని మరొక మాట, అనగా వీపు గోధుమరంగు. మరి ఆనాడే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "మీరందరు ఒకే పేరు చెప్పినారు సార్, నేనే సరిగా చూడలేదేమో అనుకొన్నాను" అన్నది. ఆ మాటకు మేము సిగ్గుపడినాము. బోర్డుమీది కాగితం తీసినది ఆ సాయంత్రమే.

పడవ తాత మాట కూడ అప్పుడే గుర్తుకు వచ్చినది. మేము కేరింతలు కొట్టుతూ ఉండగా ఆయన, "అది ఎప్పుడూ వచ్చేదే సారూ. దుంగ కనబడితే ఒదలదు, దాని కింద చేపలుంటాయి గదా" అన్నాడు. తేలే దుంగ నీడన చేపలు చేరుట, వాటికొరకు పక్షి కాచుకొనుట ఆయనకు వృత్తిలో భాగం. ఆయనకు పక్షి పేరు తెలియదు. నడవడి తెలుసు. మాకు పేర్లన్నీ తెలుసు.

ఇట్టి స్థానికజ్ఞానాన్ని త్రోసిపుచ్చరాదనుటకు మన ప్రాంతపు నిదర్శనమే ఒకటి కలదు, నేలమీది పక్షి అయినప్పటికి చెప్పదగినది. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డాన్ దొరగారి పేరిట 1848లో శాస్త్రానికెక్కిన కలివికోడి 1900 తరువాత ఎవరి కంటా పడలేదు. నశించినదనే అనుకొన్నారు. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల ప్రాంతంలో దానిని తిరిగి కనుగొన్నారు. దారి చూపినది ఆ అడవులలో పిట్టలు పట్టేవారు. అది రాత్రి తిరిగే పక్షియని వారికి తెలుసు. పగలు వెదకినవారికి అది దొరకకపోవుటలో వింత లేదు.

ఇంతవరకు చెప్పినది సామాన్యమైన దానిని అరుదైనదిగా భ్రమించుట. దీనికి తలక్రిందులైన పొరపాటు కూడ కలదు. అది సముద్రపక్షుల చరిత్రలోనే మిక్కిలి ప్రసిద్ధమైనది. మన బంగాళాఖాతానికి, అరేబియా సముద్రానికి దక్షిణధ్రువ ప్రాంతం నుండి వచ్చే విల్సన్ స్టార్మ్ పెట్రెల్ అనే పిడికెడు పక్షి ఒకటున్నది. ఒళ్ళంతా నల్లని గోధుమవన్నె, తోకమొదట తెల్లని పట్టీ. ఎగురుతూనే కాళ్ళు క్రిందికి చాచి నీటిమీద అడుగులు వేస్తున్నట్లు కనిపిస్తుంది. ప్రపంచంలో అత్యధిక సంఖ్యలో ఉన్న సముద్రపక్షులలో ఇది ఒకటి. 2003 జనవరి 25వ తేదీన న్యూజిలాండ్‌లో విటియాంగా రేవు నుండి పక్షులను చూచుటకు పడవపై వెళ్ళిన సావిల్, స్టీఫెన్‌సన్ అనే ఇరువురు పరిశీలకులకు ఇట్టిదే ఒక పక్షి కనిపించినది. కాని దాని పొట్ట తెల్లగా ఉండి, దానిపై ముదురు చారలున్నవి. రంగు తప్పి పుట్టిన విల్సన్ పక్షి అని వారు మొదట భావించినారు. అట్లు భావించుట తప్పు కాదు, అరుదైన పేరు జోలికి పోకుండ సామాన్యమైన దానితో ఆరంభించుటయే పద్ధతి. వారు చేసిన మేలు మరొకటి. ఛాయాచిత్రాలు తీసి దాచినారు, పదిమందికి చూపినారు.

ఆ చిత్రాలను చూచినవారికి పందొమ్మిదవ శతాబ్దంలో సేకరించగా ఐరోపా మ్యూజియములలో మిగిలిన మూడంటే మూడు పక్షిచర్మాలు జ్ఞాపకం వచ్చినవి. అవి న్యూజిలాండ్ స్టార్మ్ పెట్రెల్ అనే పక్షివి. నూరేండ్లకు పైగా దానిని చూచినవారు లేరు, నశించిన పక్షుల పట్టికలో చేర్చినారు. చారల పొట్ట ఆ చర్మాలతో సరిపోయినది. అయినప్పటికి వారు ప్రకటించిన వ్యాసంలో ఆ పక్షి అయి ఉండవచ్చునని మాత్రమే అన్నారు. అదే సంవత్సరం నవంబరులో ఫ్లడ్, థామస్ అనే మరి ఇరువురు పడవపై పోయి, చేపల పేగులు, నూనె నీటిలో చల్లినారు. ఈ జాతి పక్షులకు వాసన పట్టే శక్తి మెండు, మైళ్ళ దూరం నుండి నూనెవాసనకు వస్తాయి. ఒకటి కాదు, పలు పక్షులు వచ్చినవి. మంచి చిత్రాలు దొరకినవి. అప్పుడు గాని ఆ పక్షి నశించలేదని వ్రాయలేదు. 2005లో ఒక పక్షి చేపలపడవలోనికి తానే వచ్చి పడినది. తరువాత వలలతో పట్టి, రక్తపరీక్షల ద్వారా డి.ఎన్.ఎ.ను మ్యూజియం చర్మాలతో సరిపోల్చినారు. 2013లో చిన్న రేడియో యంత్రాలు తగిలించి వెంబడించగా, ఆక్లండ్ మహానగరానికి చేరువలోని లిటిల్ బ్యారియర్ దీవి అడవిలో గూళ్ళు బయటపడినవి. ఆ దీవిలో పిల్లులను 1980లోను, ఎలుకలను 2004లోను నిర్మూలించియున్నారు. ఈ పక్షి అక్కడ ఉన్నదని తెలియకుండానే దాని శత్రువులను తొలగించినారన్నమాట.

ఆ ఇరువురు మొదట పెట్టిన పేరు తప్పు. వారి చిత్రాలు మాత్రం తప్పు చెప్పలేదు. మా సంగతిలో పేరు తప్పు, చిత్రాలు మూగవి, ఒక విద్యార్థిని వ్రాత మాత్రం నిలిచినది. పేరు పొరపాటైనను వెనుక ఆధారం ఉంటే మరొకరు దిద్దగలరు. ఆధారం లేని పేరును దిద్దుటకు గాని, నమ్ముటకు గాని వీలులేదు. మన దేశంలో ఈ పని ఎంత కష్టమైనదో 2013లో తేలినది. హైదరాబాదు నుండి వెలువడే ఇండియన్ బర్డ్స్ పత్రికలో ప్రవీణ్, రాజా జయపాల్, ఆశీష్ పిట్టీ అనే మువ్వురు భారతదేశపు అరుదైన సముద్రపక్షుల వృత్తాంతాలను ఒక్కొక్కటిగా తిరిగి పరిశీలించి ప్రచురించినారు. పాత వ్రాతలలో "ఫలానా పక్షిని చూచితిమి" అన్నంత మాత్రాన చాలదు. చర్మం ఉన్నదా, చిత్రం ఉన్నదా, వర్ణన ఉన్నదా అని అడుగవలెను. బోర్డుమీది మా కాగితం ఎవరో పత్రికకు పంపియున్నట్లయితే, మరొక ముప్పదియేండ్లకు మరొకరు కూర్చుండి దానిని కొట్టివేయవలసి వచ్చేది.

పేరు తెలియనప్పుడు అడుగుటలో చిన్నతనం లేదు. సలీం అలీ గారు పదేళ్ళ బాలునిగా ఆటతుపాకితో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చను చూచి, అది ఏ పక్షియని మేనమామను అడిగినారు. ఆయనకు తెలియక బొంబాయి సంఘపు కార్యదర్శి మిల్లర్డ్ దొరగారి వద్దకు పంపినారు. మిల్లర్డ్ విసుగుకొనక సొరుగులు తెరచి పక్షిచర్మాలన్నీ చూపినారు. ఆ బాలుడే తరువాత 1931–32 సంవత్సరాలలో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసినారు.

మా యాత్రలో రెండవ పక్షి ఒకటి కూడ కనిపించినది. తిరిగివస్తూ ఉండగా, కొట్టుపిట్టంత చిన్నది, ముదురువన్నెది, అలల నడుమ నీటిని తాకుతూ తాకనట్లు నాలుగైదు సెకండ్లు ఎగిరి మాయమైనది. స్టార్మ్ పెట్రెల్ అని మాత్రం అనగలము. తోకమొదట తెలుపు ఉన్నదని ఇరువురు, లేదని ముగ్గురు వ్రాసినారు. తెలుపు ఉంటే విల్సన్ కావచ్చును, లేకుంటే స్విన్‌హో అనే మరొకటి కావచ్చును. ఈసారి బోర్డుపై ఏమియు పెట్టలేదు. "స్టార్మ్ పెట్రెల్, జాతి నిర్ణయం కాలేదు" అని తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి, ఐదుగురి వాంగ్మూలాలు వారి వారి చేతివ్రాతలోనే అతికించినాము. ఆ పుస్తకం జంతుశాస్త్ర విభాగపు బీరువాలో, రెండవ అరలో ఉన్నది. చేపలవేట నిషేధం ముగిసే జూన్ నడుమ తరువాత మరల వెళ్ళవలెనని ఉన్నది. రాగోరు విద్యార్థులు ముందుగా ఆ పుటలు చదివి రావలెను.